పదకొండో లెక్క వదిలేయండి

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రధానోపాధ్యాయులు గారికి, ఆఫీసులో ఫైళ్ళు పక్కన పెట్టి నా కోసం వచ్చిన విద్యాధికారి గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ఇన్నేళ్ళూ నాతో పాటు ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, ఆ ఫ్యాను కూడా తిరగని రోజుల్లో చెమటలు కక్కిన తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, వెనక బెంచీల మీద కూర్చుని ఈ సభ ఎప్పుడు ముగుస్తుందా అని మీరు నాకిచ్చిన బహుమతి గడియారంలోనే టైము చూసుకుంటున్న పిల్లలకు, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు) చూసుకోండి నాన్నా, చూసుకోండి. అది సెల్లు లేని గడియారం. నేనూ ఇందాకే చూశాను.

నాకు పది నిమిషాలిచ్చారు. చక్కగా నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. అందరికీ కృతజ్ఞతలు, ఎవరి పేరూ మర్చిపోకుండా, బడి ఆవరణలో మొక్కలతో సహా. అంతా బాగానే ఉంది. కానీ నాకంటే ముందు మాట్లాడిన తెలుగు మాస్టారు నన్ను ఆకాశానికెత్తి, ఎత్తి, దించడం మర్చిపోయి, చివర్లో ఒక మాటన్నారు. 'ముప్ఫై మూడేళ్ళలో ఈ టీచర్ లెక్క ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు' అని. మీరంతా చప్పట్లు కొట్టారు. మాస్టారూ, మీరంటే నాకు చాలా గౌరవం. కానీ మీకు పన్నెండో ఎక్కం దాటి రాదని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. నా లెక్క తప్పిందో లేదో మీరెలా చెప్తారండీ? (నవ్వులు) ఆ ఒక్క మాటతో నా నాలుగు కాగితాలూ దండగైపోయాయి. ఇదిగో, మడిచి సంచిలో పెట్టేస్తున్నాను. ఇక కాగితంలో లేనిదే చెప్తాను, కూర్చోండి.

ముప్ఫై మూడేళ్ళు నేను చేసిన పని ఏమిటయ్యా అంటే ఇంటిపని లెక్కలు దిద్దడం. పాఠం చెప్పడం అరగంట పని, దిద్దడమే జన్మంతా. పన్నెండు మంది కూలీలు ఎనిమిది రోజుల్లో కందకం తవ్వితే, పదహారు రోజుల్లో తవ్వడానికి ఎంతమంది కావాలి? ఆరుగురు. ఒకడు మూడున్నర మంది అని రాశాడు. 'మిగతా సగం మనిషి ఎక్కడ్రా?' అంటే, 'భోజనానికి వెళ్ళాడు టీచర్' అన్నాడు. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, పన్నెండేళ్ళయ్యాక రెట్టింపు, ఇప్పుడెవరి వయసెంత? ఒకమ్మాయి తండ్రికి పన్నెండు, కొడుక్కి ముప్ఫై ఆరు వేసింది. సరే, చిన్నపిల్ల, తిరగేసి రాసింది అనుకోవచ్చు. దాని కింద ఆ పిల్ల నాన్నగారు 'చూశాను' అని సంతకం పెట్టారండీ! ఏం చూశారండీ? (నవ్వులు) రెండు రైళ్ళు ఎదురెదురుగా బయల్దేరితే ఎప్పుడు కలుస్తాయి అంటే, 'కలిస్తే ప్రమాదం, అందుకని కలవవు' అని రాసి, చుట్టూ స్కేలు పెట్టి డబ్బా గీసిన మహానుభావుడు కూడా ఉన్నాడు. ఇప్పుడు నిజంగానే రైల్వేలో ఉద్యోగం చేస్తున్నాడట. ఆ రైళ్ళ సంగతి వాడే చూసుకోవాలి.

ఇక తల్లిదండ్రులు. మీరు ఎదురుగా ఉన్నారని మొహమాటపడను, రేపట్నుంచి నా ఫోను మోగదు కనుక. ఆదివారం తల దువ్వుకుంటుంటే ఫోను. 'టీచర్, మావాడికి ఏడో లెక్క రావట్లేదు, వాళ్ళ నాన్నకి ఇచ్చాను, రాలేదు, వాళ్ళ బాబాయికి ఇచ్చాను, ఆయనకీ రాలేదు, ముగ్గురూ పొద్దుట్నుంచీ మాట్లాడుకోవట్లేదు, అసలు ఆ లెక్కే తప్పేమో టీచర్?' నేను దువ్వెన పక్కన పడేసి గయ్యిమనేదాన్ని. 'లెక్క తప్పు కాదమ్మా. లెక్క ఎప్పుడూ తప్పు కాదు. వెనక పేజీలో జవాబుంది, అది రాకపోతే తప్పు మీది!' అని. ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో నాకే తెలియదు. గుర్తుపెట్టుకోండి ఆ మాట, మళ్ళీ దానికే వస్తాను.

నా దిద్దే పద్ధతి మీ అందరికీ తెలుసు. జవాబు చుట్టూ స్కేలుతో డబ్బా గీయాలి. నేను ఆ డబ్బా మాత్రమే చూస్తాను. రోజుకు నూట అరవై నోటుబుక్కులండీ, డబ్బా కాక ఇంకేం చూస్తాను? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే, అభ్యాస పుస్తకం వెనక ఉన్న జవాబులన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని, ఆ కాగితాన్ని నా సుద్దముక్కల డబ్బా మూత లోపల అంటించాను. అదిగో, ఆ బల్ల మీదున్న ఆ రేకు డబ్బాయే. మూత తెరుస్తాను, చూస్తాను, టిక్కు. చూస్తాను, టిక్కు. లేదా కొట్టేస్తాను. 'మేడమ్ చెయ్యి మిషను' అని పిల్లలు నాకు పేరు కూడా పెట్టారు, నాకు తెలియదనుకుంటారు. (నవ్వులు)

ఇప్పుడు మీకో ప్రశ్న. ప్రధానోపాధ్యాయులు గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను, పైకి చూడకండి. ఎనిమిదో తరగతి అభ్యాస పుస్తకంలో కాలము-పని పాఠంలో పదిహేను లెక్కలున్నాయి. మన బడిలో అందులో పదకొండో లెక్క ఎవరూ చెప్పరు. నేను చెప్పను, నా తర్వాత వచ్చిన టీచర్లు చెప్పలేదు, బయట ట్యూషన్ చెప్పేవాళ్ళు కూడా 'మీ బడిలో పదకొండోది వదిలేస్తారుగా' అని వదిలేస్తారు. ఎందుకండీ? (విరామం) 'సిలబస్‌లో తీసేశారు కదా' అంటున్నారు ప్రధానోపాధ్యాయులు గారు. ఎవరు తీసేశారు సార్? ఆర్డరు చూశారా? చూడలేదు. ఇంకొకరెవరో ఆ లెక్క అచ్చిరాదని కూడా నాకు చెప్పారు. అయ్యో రామా! ఏ ఆర్డరూ లేదు, ఏ అరిష్టమూ లేదు. ఇరవై ఒక్క ఏళ్ళ కింద 'పదకొండో లెక్క వదిలేయండి' అన్నది నేను. ఎందుకన్నానో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అంతే, అదే ఆచారమైపోయింది.

ఆ లెక్క ఇది. ఒక తొట్టిని ఒక కుళాయి ఆరు గంటల్లో నింపుతుంది. ఇంకో కుళాయి నాలుగు గంటల్లో నింపుతుంది. తొట్టి అడుగున ఉన్న గొట్టం పన్నెండు గంటల్లో మొత్తం ఖాళీ చేస్తుంది. మూడూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది? అసలు మూడూ ఎవరు తెరుస్తారండీ, నీళ్ళు ఊరికే వస్తున్నాయా, ఆ గొట్టం మూసుకోవచ్చు కదా అని నాకూ ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి. వెనక పేజీలో జవాబు: రెండు గంటలు. నా మూతలో కూడా రెండు గంటలు. పదకొండేళ్ళలో నాలుగు వందల మంది పిల్లలు పైనుంచి కిందకి ఏవేవో భిన్నాలు రాసి, గుణించి, కొట్టేసి, ఎక్కడో ఒకచోట ఒక అంకెని మింగేసి, చివరికి డబ్బాలో రెండు గంటలు తెచ్చేవాళ్ళు. నేను డబ్బా చూసేదాన్ని. టిక్కు.

ఇరవై రెండేళ్ళ కింద ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి డబ్బాలో మూడు గంటలు అని రాసింది. కొట్టేశాను. ఆ పిల్ల లేచి నిలబడి, 'మళ్ళీ చేశాను టీచర్, మూడే వస్తోంది' అంది. ఆ రోజు నాకు తలనొప్పి, మర్నాడు తనిఖీ, ఇంకా ఎనభై నోటుబుక్కులున్నాయి. ఇవన్నీ సాకులే, నాకు తెలుసు. నేను ఆ పిల్లని బోర్డు దగ్గర నిలబెట్టి, నలభై మంది ముందు ఏమన్నానో అన్నది అన్నట్టే చెప్తాను, దిద్దకుండా. 'మీ నాన్న పైపులు బిగిస్తే నీకు లెక్కలొచ్చేస్తాయా?' అన్నాను. క్లాసంతా నవ్వింది. 'రెండు గంటలు అని పదిసార్లు రాసుకురా' అన్నాను.

(విరామం. మంచినీళ్ళు)

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చారు. మీకందరికీ తెలిసిన మనిషే. ఈ బడిలో కారే ప్రతి కుళాయికీ ఆయనే వైద్యుడు. ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో, ఆ స్తంభం పక్కన. దాక్కోకండి, స్తంభం సన్నగా ఉంది. ఆ రోజు ఆయన చేతిలో రెంచి ఉంది, పని నుంచి నేరుగా వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. 'కోప్పడకండి టీచరమ్మా, నాకు చదువు లేదు. అడుగు గొట్టం మూసేసినా ఆ రెండు కుళాయిలకీ రెండు గంటలు దాటి ఇంకో ఇరవై నిమిషాలైనా పడుతుంది. తెరిచి పెడితే ఇంకా ఆలస్యం కావాలి కదమ్మా. తొందరగా నిండుతుందంటే నా చెయ్యి ఒప్పుకోవట్లేదు' అన్నారు. అంతకంటే మర్యాదగా ఎవరైనా ఎలా చెప్తారు? నేనేమన్నాను? 'నువ్వు పైపులు చూసుకో, పుస్తకం నేను చూసుకుంటాను' అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దాయన్ని నువ్వు అన్నాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళి ఆ లెక్క చేశాను. ఎందుకు చేశానో కూడా చెప్తాను, మంచి బుద్ధితో కాదు. మర్నాడు ఆయనకి కాగితం మీద చూపించి నోరు మూయిద్దామని చేశాను. మా వారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. గంటకి మొదటి కుళాయి తొట్టిలో ఆరో వంతు నింపుతుంది, రెండోది నాలుగో వంతు, కలిపితే పన్నెండింట ఐదు వంతులు. గొట్టం పన్నెండో వంతు పోగొడుతుంది. మిగిలేది పన్నెండింట నాలుగు, అంటే మూడో వంతు. మూడు గంటలు. మళ్ళీ చేశాను. మూడు గంటలు. మరి రెండెలా వచ్చిందయ్యా అంటే, పుస్తకం రాసినాయన ఆ పన్నెండో వంతుని తీసెయ్యకుండా కలిపేశాడు. నీళ్ళు పోయే గొట్టంలోంచి కూడా తొట్టిలోకి నీళ్ళు పోయించేశాడు మహానుభావుడు. పదకొండేళ్ళు నేను ఆ నీళ్ళకి టిక్కులు పెట్టాను. 'లెక్క ఎప్పుడూ తప్పు కాదు' అని ఫోన్లో గయ్యిమన్నది ఈ నోరే.

మా వారు లెక్క చూడనే లేదు. అంతా విని, 'గొట్టం తెరిస్తే తొందరగా నిండుతుందా? దీనికి లెక్కెందుకే?' అన్నారు. 'ఇప్పుడేం చేస్తావ్?' అన్నారు. నేను కాగితం మడిచేశాను. 'రేపు పొద్దున ఆ పిల్లకి చెప్పెయ్. ఒక్క నిమిషం పని' అన్నారు. నిజమే, ఒక్క నిమిషం పనే. మర్నాడు పొద్దున క్లాసులోకి వెళ్ళాను. నలభై మంది నా మొహంలోకి చూస్తున్నారు. ఆ పిల్ల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. పదిసార్లు రాసింది, ఒక్క అక్షరం వంకర పోకుండా. రెండు గంటలు, రెండు గంటలు, పదింటికీ చుట్టూ స్కేలుతో డబ్బాలు. తేలు కుట్టిన దొంగలాగా కిక్కురుమనకుండా ఎర్ర పెన్ను తీసి, ఆ పదింటికీ టిక్కు పెట్టాను.

పొరపాటున నేను కొట్టేసినవి ఎన్నో ఉంటాయి, అవి వేరు. తప్పని తెలిసి పెట్టిన టిక్కులు ఆ పది. తర్వాతి సంవత్సరం పాఠం రాగానే 'పదకొండోది వదిలేయండి' అన్నాను, అంతే. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ నా క్లాసులో చెయ్యెత్తలేదు. ఏ లెక్కయినా ముందు వెనక పేజీ తిప్పి చూసేది, తర్వాత ఆ జవాబు వచ్చేలా రాసేది. మార్కులు బాగానే వచ్చేవి. నా డబ్బాలన్నీ నిండాయి కదా, నాకేం తెలుస్తుంది! పదో తరగతి అయ్యాక 'పైన లెక్కలు తీసుకోవా?' అంటే, 'నాకు పడదు టీచర్' అంది.

ఇవాళ ఆ అమ్మాయికి కుట్టు షాపు ఉంది. ఈ హాల్లో మీరు చూస్తున్న యూనిఫారాల్లో సగం తన చేతివే. రెండు గజాల గుడ్డ చూపిస్తే, ఎన్ని చొక్కాలొస్తాయో, ఎంత ముక్క మిగులుతుందో టేపు తియ్యకుండానే చెప్తుంది. లెక్కలు పడని మనిషట! (నవ్వులు) నవ్వకండి, నాకు నవ్వు రావట్లేదు.

ఈ సంవత్సరం మనకి కొత్త లెక్కల మాస్టారు వచ్చారు. పాపం ఆయనకి మన ఆచారం ఎవరూ చెప్పలేదు. పదిహేను లెక్కలూ ఇంటిపని ఇచ్చేశారు. ఆయన సెలవులో ఉంటే ఆ నోటుబుక్కులు దిద్దే భాగ్యం నాకు దక్కింది. నలభై ఒక్క నోటుబుక్కులు. నలభై ఒక్కటిలోనూ డబ్బాలో రెండు గంటలే. వెనక పేజీ బతికే ఉంది కదా! పుస్తకం అట్ట మారింది, బొమ్మలు మారాయి, బరువు రెట్టింపయింది, ఆ రెండు మాత్రం ముప్ఫై మూడేళ్ళుగా అక్కడే కూర్చుంది. కానీ ఒక నోటుబుక్కులో ఆ రెండు కింద రబ్బరుతో రుద్దిన మచ్చ. వెలుతురుకి ఎత్తి చూశాను. మూడు. అట్ట మీద చూస్తే, ఆ కుట్టు షాపు అమ్మాయి కూతురు.

పిలిపించాను తల్లిని. 'ఏమ్మా, పాప ముందు మూడు రాసిందా?' అన్నాను. 'రాసింది టీచర్. నేనే చెరిపించాను' అంది. ఎందుకన్నాను. 'వెనక రెండు ఉంది కద టీచర్' అంది. 'మూడని నీకు తెలుసు కదమ్మా?' అన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసి అంది. 'తెలిసి నాకేమైంది టీచర్? అందరి ముందు ఆ మాట అది కూడా పడాలా?' అంది.

నేను ఆ రోజు కూడా తప్పు ఒప్పుకోలేదండీ. 'సరే వెళ్ళమ్మా' అన్నాను. మూడు నెలలైంది. ఇవాళ కూడా ఆ నాలుగు కాగితాలూ చదివేసి, గడియారం చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయేదాన్నే. తెలుగు మాస్టారూ, మీ పుణ్యమే. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే మీ సొమ్మేం పోయేదండీ? (నవ్వులు)

ఇదిగో అభ్యాస పుస్తకం, వెనక పేజీ, ఇదిగో పదకొండు. ఇదిగో నా ఎర్ర పెన్ను. అమ్మా, నాలుగో వరసలో ఉన్నావు, కనపడుతున్నావు. ఒకసారి పైకి రామ్మా. వచ్చి నీ చేత్తో ఈ రెండు కొట్టెయ్.

(విరామం)

వినపడిందా మీ అందరికీ? వెనకవాళ్ళకి వినపడలేదా? కూర్చున్న చోటనే నిలబడి అంది. 'నా పది డబ్బాలకీ టిక్కు పెట్టింది మీరు కద టీచర్. మీరే కొట్టేయండి' అంది.

సబబే.

కొట్టేస్తున్నాను. పక్కన మూడు రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళ కింద నీ జవాబు సరైనదమ్మా. నాది తప్పు. ఆ సాయంత్రమే నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. ఆ మాట ఎవరి ముందు అన్నానో వాళ్ళలో సగం మంది ఈ హాల్లో పిల్లల పక్కన తల్లిదండ్రులుగా కూర్చున్నారు, వాళ్ళ ముందే చెప్తున్నాను, నన్ను క్షమించు. మేస్త్రీ గారూ, నువ్వు కాదు, మీరు. ఆ రోజు అనాల్సిన మాట ఇది. మీరు పైపులూ సరిగ్గా చూసుకున్నారు, పుస్తకమూ మీరే సరిగ్గా చూశారు. నన్ను మీరు కూడా మన్నించండి.

(చప్పట్లు)

చాలు, చాలు, చప్పట్లు దేనికి? పాపా, కన్నీళ్ళు తుడుచుకోమని మీ అమ్మకి రుమాలివ్వు, నీ నోటుబుక్కులో రెండు కొట్టేసి మూడు రాసుకో. రబ్బరు వాడకు. కొట్టేసింది కనపడాలి. డబ్బా గీసేటప్పుడు స్కేలు వాడు.

కొత్త మాస్టారూ, ఈ సుద్దముక్కల డబ్బా మీకిచ్చి వెళ్దామనుకున్నాను. ఇస్తాను, కానీ మూత ఇవ్వను. మూత నాతో ఇంటికొస్తుంది. మీరు జవాబులు మీరే చేసుకుని దిద్దండి, చేతులు నొప్పెడతాయి, పెట్టనివ్వండి. పది నిమిషాలిస్తే గడియారం నిండా మాట్లాడినా ఓపిక పట్టిన అధ్యక్షులకు, ఫైళ్ళు ఎదురుచూస్తున్నా లేవకుండా కూర్చున్న విద్యాధికారి గారికి, ఇరవై రెండేళ్ళు ఈ సంగతి ఎక్కడా నోరు జారకుండా, ఇంట్లో కుళాయి కారినప్పుడల్లా నా వంక ఒక చూపు మాత్రం చూసిన మా వారికి, మీ అందరికీ నా కృతజ్ఞతలు. పిల్లలూ, నేను ఇచ్చే ఆఖరి ఇంటిపని. పదకొండో లెక్క. అందరూ చెయ్యాలి. వెనక పేజీ చూడకుండా. సెలవు.